గడ్డంలోని నలుసు

పోయినవారం మా అన్నయ్య లుడోల్ఫ్ చేతికి గాజు ఫ్లాస్కు ఇచ్చి, నట్టనడి ప్రయోగశాలలో నిలబెట్టి వదిలేశాను. ఇంతలో ఆపేస్తావా అని నన్ను తిట్టుకునే ఉంటారు. తిట్టుకోండి, తప్పులేదు. ఆ శనివారం అన్నయ్యకి మధ్యాహ్నం రొట్టె పట్టుకెళ్ళిన నేనూ ఆ గుమ్మంలో అలాగే కొయ్యబారిపోయాను.

ఏళ్ళ తరబడి తేనెలా సాగుతూ, గడ్డకట్టనంటే కట్టనని మొండికేసిన జ్వరం మందు పాకం ఆ ఫ్లాస్కులోది. రోజూ చేసే తనిఖీలో భాగంగా విద్యాలయం పెద్ద, గెహైమ్‌రాట్ అని ప్రభుత్వ బిరుదున్న ఓస్టర్‌లో గారు అన్నయ్య బల్ల దగ్గరికి వచ్చి, అలవాటుగా ఫ్లాస్కు మీదికి వంగి, తన తెల్లటి పెద్ద గడ్డాన్ని దాని మూతి దగ్గర వేళ్ళతో ఓసారి దువ్వుకున్నారు. అంతే. ఆయన తల ఎత్తేలోపు పాకంలో ఒక మూల తెల్లటి సూది ఒకటి మొలిచింది. దాని పక్కన ఇంకొకటి. చూస్తుండగానే ఫ్లాస్కంతా స్ఫటికాలతో బిగుసుకుపోయింది. "గెహైమ్‌రాట్ గారి గడ్డానికి జై!" అంటూ కుర్రాళ్ళు బల్లలెక్కి గంతులేశారు. ఎవరో పరుగెత్తి బీరు పీపా దొర్లించుకొచ్చారు. అంత సందడిలోనూ ఇద్దరి ముఖాల్లో నెత్తురు చుక్క లేదు. ఒకరు గెహైమ్‌రాట్ గారు. ఆయన గ్లాసు ముట్టుకోకుండానే వెళ్ళిపోయారు. రెండోవాడు మా అన్నయ్య.

ఇక ఆ సాయంత్రం మా వంటింటి సంగతి.

పంది మాంసం కూరతో బంగాళాదుంప ఉండలు చేశాను. అన్నయ్యకి ప్రాణం అవంటే. ముందు పెడితే ఫోర్కుతో అటూ ఇటూ దొర్లిస్తున్నాడు తప్ప నోట్లో పెట్టడు. నాకు ఒళ్ళు మండింది.

"ఇన్నేళ్ళూ గడ్డకట్టలేదని ఏడ్చావు. ఇవాళ గడ్డకట్టిందని ఏడుస్తున్నావా? నీకసలు సంతోషపడటం చేతనవునా అన్నయ్యా?"

"నీకు అర్థం కాదులే తెక్లా."

"అర్థం అయ్యేట్టు చెప్పు మరి. నేనేమన్నా దద్దమ్మనా?"

ఫోర్కు పక్కన పెట్టాడు. "పాలు పెరుగు కావాలంటే ఏం చేస్తావు?"

"తోడేస్తాను."

"ఏం తోడు?"

"పెరుగే. కుండ అడుగున మిగిలిన చెంచాడు పెరుగు."

"ఉప్పేస్తే తోడుకుంటుందా? పంచదార వేస్తే?"

"నీ మొహం."

"ఇదీ అంతే. మొండికేసిన పాకం గడ్డకట్టాలంటే, ఆ పదార్థపు స్ఫటికమే, కంటికి ఆననంత నలుసైనా సరే, అందులో పడాలి. వేరేది పడితే లాభం లేదు. గాజుకడ్డీతో గీకాను, మంచులో పెట్టాను, ఎండలో పెట్టాను, ఏళ్ళు గడిచాయి. రాలేదు. ఇవాళ ఆయన గడ్డం దులపగానే వచ్చింది." గొంతు తగ్గించాడు. "ఆయన గడ్డంలోకి ఆ నలుసు ఎక్కడి నుంచి వచ్చింది తెక్లా? నా దగ్గర ఎప్పుడూ ఒక్క స్ఫటికం కూడా లేదు. అంటే ఆ మందు ఇంకోచోట ఉంది. నాకంటే ముందే తయారై, గడ్డకట్టి ఉంది. ఎక్కడుందో నీకూ తెలుసు."

తెలుసు. మా ఊళ్ళో తెలియనిదెవరికి? రసాయన విద్యాలయం పై అంతస్తులో గెహైమ్‌రాట్ గారి కాపురం. ఆ నడవ చివర ఆకుపచ్చ తలుపు. దాని వెనక ఆయన సొంత ప్రయోగశాల. రోజూ మధ్యాహ్నం అందులోకి వెళ్ళి లోపల తాళం వేసుకుంటారు. ఏదో మహత్తరమైన పని జరుగుతోందని, అది బయటికొచ్చిన రోజు యూరప్ అంతా అదిరిపోతుందని చెప్పుకుంటారు. ఆయన ఇంటికి వెళ్ళిన విద్యార్థులు ఆ తలుపు ముందు మునివేళ్ళ మీద నడుస్తారు.

"ఛ, ఆయనా?" అన్నాను. "నీ పని దొంగిలిస్తారా? ఆయన?"

మా నాన్న బట్టలకు రంగులద్దేవాడు. చచ్చేదాకా ఆయన చేతులని నీలం వదల్లేదు. అలాంటి ఇంటి పిల్లాడిని చేరదీసి, ఫీజు లేకుండా బల్ల ఇచ్చి, డాక్టర్‌ని చేసింది గెహైమ్‌రాట్ గారే. నాన్న శవపేటిక వెనక వానలో టోపీ తీసి నడిచిన పెద్దమనిషి ఆయన. ఇప్పుడు రోస్టోక్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ పదవి ఖాళీ అయితే, అన్నయ్య పేరు పంపిందీ ఆయనే. ఆ పదవి వస్తుందా రాదా అన్నది ఆయన చెప్పే ఒక్క మాట మీద ఉంది. ఆయన దొంగ అయితే అన్నయ్య చేసిన పనంతా గంగలో కలిసినట్టే. కాకపోతే, ఆయన్ని దొంగ అన్న పాపానికి అన్నయ్యకి ఈ దేశంలో ఇంకెక్కడా తలుపు తెరుచుకోదు.

సరిగ్గా అప్పుడే ఎగాన్ వచ్చాడు.

ఎగాన్ ష్ట్రూబే నాకు కాబోయే భర్త. ఈస్టరు నాడు ఉంగరాలు మార్చుకున్నాం. చదువుకునే రోజుల్లో అన్నయ్యతో ఒకే విద్యార్థి సంఘం, ఒకే బీరు బల్ల. ఇప్పుడు నది అవతల రంగుల ఫ్యాక్టరీలో కెమిస్టు. మీసం, గడ్డం నున్నగా గీసుకుని, మంచి కోటు వేసుకుని వస్తాడు. శని, ఆదివారాలు మా ఇంట్లోనే భోజనం. నేను చేసిన ఉండలు లొట్టలేసుకుంటూ తింటాడు. ఆ ఒక్క గుణానికే సగం పడిపోయాను, దాచడమెందుకు?

అన్నయ్య సంగతంతా చెప్పాడు. ఎగాన్ తింటూనే విని, చెయ్యి తుడుచుకుని బల్ల మీద గుద్దాడు.

"ఒరేయ్ లుడోల్ఫ్, ఇంకా ఆలోచిస్తావేంట్రా? ముసలాడు నిన్ను నిలువునా ముంచాడు. దొంగ ఎదురుగా కూర్చుంటే టోపీ తీసి దండం పెడతావా?"

"తొందరపడకూడదేమో ఎగాన్. ఇంకోసారి చూసి..."

"ఏం చూస్తావు? ఆయన తన పేరుతో పత్రికలో వేసుకున్నాక చూస్తావా? రేపు ఆదివారం. చర్చి అయ్యాక వెళ్ళు. ముఖం మీదే అడిగెయ్. గట్టిగా అడుగు. మగాడివేగా?"

"నువ్వూ రారాదూ తోడుగా?" అన్నాను నేను.

"నేనా? బాగుండదు తెక్లా. ఫ్యాక్టరీ వాళ్ళంటే ఈ విద్యాలయం పెద్దలకి చిన్నచూపు. నేను తోటలో కూర్చుంటాను. మీరు వెళ్ళిరండి." నా చెయ్యి నొక్కి నవ్వాడు. "ఇంకో ఉండ వెయ్యి, బంగారూ."

వేశాను.

మర్నాడు చర్చి గంటలు ఆగాక బయల్దేరాం. మా ఊళ్ళో ఆదివారం మర్యాద భేటీ అంటే తమాషా కాదు. అన్నయ్య నల్ల కోటు, పొడుగు టోపీ, తెల్ల చేతితొడుగులు. మనిషిని దొంగా అనడానికైనా అదే వేషం వెయ్యాలి మరి. దారంతా ఎగాన్ అన్నయ్య చెవిలో ఏదో నూరిపోస్తూనే ఉన్నాడు. విద్యాలయం తోటలో చెస్ట్‌నట్ చెట్ల కింద బెంచీ మీద రుమాలు పరుచుకుని, కూర్చుని, మాకు చెయ్యి ఊపాడు.

తలుపు తీసింది ఆయన భార్య, ఫ్రావ్ గెహైమ్‌రాట్, అంటే శ్రీమతి గెహైమ్‌రాట్. భర్త బిరుదే భార్యకీ పిలుపు మా దగ్గర. ఆవిడ సొంత పేరు అమాలియ అని నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. గుండ్రటి మనిషి, గట్టి గొంతు.

"రండి రండి! మొత్తానికి గడ్డకట్టిందిటగా నీ పాకం! ఈ మనిషి నాకు ముక్క చెప్పలేదు, పాలమ్మి చెప్పింది. తెక్లా, ఏమిటమ్మాయ్ అలా చిక్కిపోయావు? పెళ్ళి బెంగా? కూర్చోండి, ప్లమ్ కేకు తెస్తాను."

"వద్దండీ," అన్నాడు అన్నయ్య, నిలబడే. "ఎక్కువసేపు ఉండం."

గెహైమ్‌రాట్ గారు కిటికీ పక్క కుర్చీలో ఉన్నారు. మమ్మల్ని చూడగానే లేవబోయారు. అన్నయ్య టోపీ రెండు చేతుల్లోనూ నలిపేస్తున్నాడు. టోపీ అంచు పాడైపోతోందని నా మనసు అక్కడికే పోతోంది. మనసుకి వేళాపాళా ఉండదు కదా.

"గెహైమ్‌రాట్ గారూ, ఒక్క మాట అడగాలి."

"అడుగు అబ్బాయ్."

"నిన్న నా ఫ్లాస్కులో పడిన నలుసు ఎక్కడిది?"

ఆయన చెయ్యి గడ్డం దగ్గరికి వెళ్ళి, అక్కడే ఆగిపోయింది.

"మీ గడ్డంలోంచే పడింది. మీరు రాకముందు అది వట్టి పాకం, మీరు వంగాక స్ఫటికం. అంటే మీ దగ్గర ఆ పదార్థం ఉంది. నేను చేసిన ప్రతి మెట్టూ మీకే ముందు చెప్పాను. ఏ రోజు ఏం కలిపానో, ఎంత వేడి చేశానో అంతా. మీరు అడిగేవారు, నేను చెప్పేవాణ్ణి. తండ్రికి చెప్పినట్టు చెప్పాను!" అన్నయ్య ఒక అడుగు ముందుకేశాడు. "ఆ ఆకుపచ్చ తలుపు వెనక మీరు చేస్తున్నది నా పనేనా? అది చెప్పండి చాలు. ఇంకేం అడగను."

ఫ్రావ్ గెహైమ్‌రాట్ చేతిలో కేకు పళ్ళెం అలాగే ఉండిపోయింది. "ఏమన్నావ్? ఎవరింట్లో నిలబడి ఎవర్ని అంటున్నావో తెలుస్తోందా నీకు?"

"అమాలియా," అన్నారాయన మెల్లగా. "వాడు తర్కం తప్పలేదు. నేను నేర్పిన తర్కమే."

"తర్కమా! నా తలకాయా! తిండి పెట్టి పెంచిన..."

"అమాలియా." ఈసారి గొంతులో ఏదో ఉంది. ఆవిడ ఆగిపోయింది. ఆయన చొక్కా జేబులోంచి తాళంచెవి తీశారు. "రా నాయనా. నువ్వూ రా అమ్మాయ్. చూద్దువుగాని."

"వద్దండీ," అంది ఆవిడ. నేను ఆ గొంతు అంతకుముందెప్పుడూ వినలేదు. బతిమాలుతోంది. "వద్దు. వాడు పోతే పోయాడు. వాళ్ళకి చూపించక్కర్లేదు."

ఆయన వినిపించుకోలేదు. నడవలో గోడ మీద చెయ్యి ఆనించి నడుస్తున్నారు. ఇన్నేళ్ళుగా ఆయన అలాగే నడవడం చూశాను. పెద్దవాళ్ళ ఠీవి అనుకున్నాను. తాళం కన్నం కోసం వేలితో తడిమి, వేలి పక్కనుంచి తాళంచెవి దూర్చి తిప్పారు.

తలుపు తెరుచుకుంది.

ఏం చూస్తానని అనుకున్నానో నాకే తెలియదు. ఆవిర్లు, రంగురంగుల ద్రావకాలు, బల్లల నిండా గాజు సామాను. ఆ గదిలో దుమ్ము ఉంది. త్రాసు మీద కప్పిన గంటలాంటి గాజు మూత మీద వేలితో పేరు రాయొచ్చు. గ్యాసు మంటలకి పోయే రబ్బరు గొట్టాలు ఎండి పగిలిపోయాయి. ఒక మూల పాత తోలు సోఫా, దాని మీద మడత పెట్టిన దుప్పటి, దిండు. కిటికీ దగ్గర బల్ల మీద మాత్రం ఒక చెక్క స్టాండులో గాజు గొట్టాలు వరసగా ఉన్నాయి, సగం సగం నిండి. వాటి కింద పాత తువ్వాలు పరిచి ఉంది.

అన్నయ్య ఒక్క అంగలో అక్కడికి వెళ్ళాడు. ఒక గొట్టం తీసి వెలుతురుకి పెట్టి చూశాడు. వాసన చూశాడు. ఇంకోటి తీశాడు. వాసన చూశాడు.

"ఏమిటిది?"

"నీళ్ళు నాయనా," అన్నారు గెహైమ్‌రాట్ గారు.

"నీళ్ళా?"

"వట్టి నీళ్ళే. రోజూ ఇందులోంచి అందులోకి పోస్తాను. ఒలకకుండా పొయ్యడం అభ్యాసం. మొదట్లో సగం తువ్వాలు తాగేది. ఇప్పుడు కాస్త నయం." నవ్వబోయారు, కుదర్లేదు. "పోసి పోసి అలిసిపోతే ఆ సోఫా మీద పడుకుంటాను. మీ యూరప్‌ని అదరగొట్టే పరిశోధన ఇదే."

అన్నయ్య గొట్టం మళ్ళీ స్టాండులో పెట్టేశాడు.

"నాకు కళ్ళు కనపడవు లుడోల్ఫ్. వెలుతురు తెలుస్తుంది. మనిషి ఆకారం తెలుస్తుంది. నీ ముఖం చూసి ఎన్నాళ్ళయిందో. గొంతును బట్టి నువ్వని పోల్చుకుంటాను."

"కానీ మీరు రోజూ... ప్రతి బల్ల దగ్గరా వంగి..."

"అందుకే వంగుతాను. ముక్కు గాజుకి తగిలేదాకా వంగితే గాని ఉందో లేదో తెలియదు. మిగిలింది వాసన. మిగిలింది మీరు చెప్పేది. గెహైమ్‌రాట్ గారికి మా మీద ఎంత ప్రేమో, గడ్డం మునిగిపోయేలా వంగి చూస్తారని మీరనుకున్నారు. నేను కాదనలేదు."

నాకు ఏడుపు ఆగలేదు. నా పెళ్ళి నిశ్చయమైన కబురు చెప్పడానికి వెళ్తే ఆయన నా చెయ్యి పట్టుకుని, "నీలం గౌను నీకు ఎంత నప్పిందో అమ్మాయ్," అన్నారు. ఆ రోజు నేను వేసుకున్నది పసుపు. పోన్లే, పెద్దాయన పరధ్యానం అని ఇంటికొచ్చి నవ్వుకున్నాను కూడా.

"మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

జవాబు వెనకనించి వచ్చింది. ఫ్రావ్ గెహైమ్‌రాట్ గుమ్మంలో నిలబడి ఉంది, ముఖం కందగడ్డలా చేసుకుని.

"ఎందుకు చెప్పలేదా? వీడి కోసం! ఈ మహానుభావుడి కోసం! పదవి వదిలేసి మా అన్న ఊరికి పోదామని నేను మొత్తుకుంటూనే ఉన్నాను. 'లుడోల్ఫ్‌కి రోస్టోక్ రానీ అమాలియా, నాకు గుడ్డితనం వచ్చిందని తెలిస్తే నా సిఫారసు ఎవడు లెక్కచేస్తాడు, కళ్ళు లేనివాడు ఏం చూసి మెచ్చుకున్నాడంటారు' అని నా నోరు మూయించారు. రోజూ పొద్దున్నే ఈయన చొక్కా గుండీలు నేను పెడతాను. ఉత్తరాలు నేను చదివి పెడతాను. ఇదంతా ఎవరి కోసం? ఇవాళొచ్చి దొంగ అనిపించుకోడానికా?"

అన్నయ్య ఆ మురికి నేల మీదే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ముసలాయన చెయ్యి పట్టుకుని కళ్ళకి అద్దుకున్నాడు. మా అన్నయ్య నాన్న పోయినప్పుడు కూడా నలుగురిలో ఏడవలేదు. ఇప్పుడు చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

"లే నాయనా, లే. కోటు పాడవుతుంది," అన్నారాయన, వాడి తల కోసం గాలిలో తడుముకుంటూ. "నా తప్పూ ఉంది. నిన్ననే నీకు చెప్పాల్సిన మాట ఒకటుంది. చెప్పలేక వచ్చేశాను. ఇవాళ కూడా చెప్పలేను."

అన్నయ్య తలెత్తాడు. "ఏ మాట?"

"నలుసు నా గడ్డంలోంచే పడింది. అందులో సందేహం లేదు. ఈ గదిలోంచి రాలేదని నువ్వే చూశావు. మరి ఎక్కడిదో నాకు తెలుసు. నిన్న నీ ఫ్లాస్కు చిటపటలాడుతుంటే, కుర్రాళ్ళు 'సూదులు, సూదులు' అని అరుస్తుంటే నాకు అర్థమైంది. కానీ మాట ఇచ్చాను, ఎవరికీ చెప్పనని. ఇచ్చిన మాట ఎలా తప్పను?"

"మాట ఇచ్చింది మీరు," అంది ఫ్రావ్ గెహైమ్‌రాట్. "నేనివ్వలేదు."

"అమాలియా, వద్దు."

"నన్నెవరూ అడగలేదు, నేనెవరికీ ఇవ్వలేదు. ఆ మూల కుర్చీలో కూర్చుని వాళ్ళిచ్చిన చల్లారిన కాఫీ తాగుతుంటే, నా ఎదురుగానే జరిగింది. ముసలిదానికి రసాయనం ఏం అర్థమవుతుందిలే అనుకున్నారు కాబోలు." ఆవిడ చేతిలోని పళ్ళెం దుమ్ము బల్ల మీద పెట్టింది. "బుధవారం రంగుల ఫ్యాక్టరీ వాళ్ళు ఈయన్ని పిలిచారు. ఏవో సలహాలకి అప్పుడప్పుడు పిలుస్తుంటారు. పని అయ్యాక వాళ్ళ కెమిస్టు ఒకడు పక్కకి తీసుకెళ్ళి, 'కొత్త జ్వరం మందు కనిపెట్టాను, చూడండి' అని ఒక గిన్నె ముందు పెట్టాడు. ఈయన మామూలుగానే వంగారు. గడ్డం గిన్నెలో పడింది. నేనే దులిపాను రుమాలుతో, సరిగ్గా పోలేదన్నమాట. 'తెల్లటి సూదులు, ఎంత బాగా వచ్చాయో చూశారా, మా మంచు యంత్రం మహిమ' అని ఒకటే మిడిసిపాటు. 'పేటెంటు వచ్చేదాకా ఎవరికీ చెప్పనని మాటివ్వండి' అన్నాడు. ఈ ధర్మరాజు ఇచ్చేశారు."

అన్నయ్య లేచి నిలబడ్డాడు. మోకాళ్ళ మీద దుమ్ము అలాగే ఉంది.

"ఫ్యాక్టరీలో ఎవరికి తెలుస్తుంది? నేను ఎవరికీ చెప్పలేదు. మీకు తప్ప, ఇంట్లో తప్ప..." అని ఆగిపోయాడు.

ఫ్రావ్ గెహైమ్‌రాట్ కోపమంతా ఎక్కడికి పోయిందో, అన్నయ్య వైపు కాక నా వైపు చూస్తోంది. చూసి, నా దగ్గరికి వచ్చి, రెండు చేతులూ పట్టుకుంది.

"మీ నిశ్చయం శుభలేఖ మా హాల్లో అద్దానికి గుచ్చే ఉంది అమ్మాయ్. రోజూ చూస్తాను. అందుకే ఆ పేరు చెప్పగానే గుర్తుపట్టాను. వాడు మాత్రం నన్నెరగనట్టే ఉన్నాడు. డాక్టర్ ష్ట్రూబే."

ఆ మాట వినగానే అరుస్తాననో, మూర్ఛపోతాననో అనుకుంటారు. ఏమీ కాలేదు. శని, ఆదివారాల భోజనాలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. "ఆ తర్వాత ఏం కలిపావురా లుడోల్ఫ్?" అని నములుతూ అడిగేవాడు. "ఎంతసేపు వేడి చేశావు?" అనేవాడు. అన్నయ్య పళ్ళెం పక్కకి జరిపి, బల్ల మీద వేలితో గీసి మరీ చెప్పేవాడు. నేను ఇంకో గరిటె వడ్డించేదాన్ని. నా కాబోయేవాడికి మా అన్నయ్య పనంటే ఎంత శ్రద్ధ అని మురిసిపోయేదాన్ని.

నిన్న సాయంత్రం బల్ల గుద్ది మరీ అన్నయ్యని ఇక్కడికి తోసింది కూడా అందుకే. అన్నయ్య గెహైమ్‌రాట్ గారిని దొంగ అనాలి. ఆయన వాడిని గెంటెయ్యాలి. రోస్టోక్ పోవాలి, పత్రికలో అన్నయ్య పేరుతో రావాల్సిన వ్యాసం ఆగిపోవాలి, ఇద్దరూ కొట్టుకు చస్తుంటే పేటెంటు కాగితం చల్లగా తన చేతికి రావాలి. ఆ తర్వాత నాకు పెళ్ళి గౌను కుట్టించాలి. ఎంత బాగా వేశాడు లెక్క!

"ఎగాన్..." అన్నాడు అన్నయ్య. గుమ్మం వైపు నడవబోయాడు. "వాడు... ఎగాన్..."

"నువ్వు ఇక్కడే ఉండు అన్నయ్యా," అన్నాను.

"ఎక్కడికే?"

"ఇప్పుడే వస్తా. గెహైమ్‌రాట్ గారూ, ఇంకొకరిని లోపలికి పిలవచ్చా?"

ఆయన నా గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పారు. "నీకు ఓర్పుంటే పిలువు తల్లీ. నాకు అభ్యంతరం లేదు."

ముఖం తుడుచుకున్నాను. హాల్లో అద్దం ముందు ఆగి టోపీ సర్దుకున్నాను. ఆ శుభలేఖ అక్కడే ఉంది, బంగారు అక్షరాలతో. దాన్ని ముట్టుకోలేదు. మెట్లు దిగి తోటలోకి వెళ్ళాను. ఎండ బాగుంది. చర్చి నుంచి వచ్చేవాళ్ళు గొడుగులు వేసుకుని నది వైపు షికారు పోతున్నారు. ఎగాన్ బెంచీ మీద కాలు మీద కాలేసుకుని ఈల వేసుకుంటున్నాడు. నన్ను చూసి లేచాడు.

"ఇంతసేపా! ఏమైంది? ఒప్పుకున్నాడా ముసలాడు?"

"ఒప్పుకున్నారు," అన్నాను.

"అన్నీ?"

"దాచిందంతా చెప్పేశారు."

"చెప్పానా నేను! పాపం లుడోల్ఫ్. ఎలా ఉన్నాడు?"

"ఏడుస్తున్నాడు. నువ్వు ఒక్కసారి లోపలికి రావాలి ఎగాన్. నిన్ను రమ్మంటున్నాడు."

ఒక్క క్షణం వెనకాడాడు. కిటికీల వైపు చూశాడు. తర్వాత నవ్వి, టై ముడి బిగించుకుని, నా చెయ్యి తన మోచేతికి తగిలించుకున్నాడు.

"పద, ఓదారుద్దాం వాణ్ణి. ఎంతైనా నా వాడే కదా."

మళ్ళీ ఈల అందుకున్నాడు. మెట్లెక్కాం. గుమ్మం దగ్గర మంచి మర్యాదస్తుడిలా బూట్లు రెండూ కాళ్ళు తుడుచుకునే పట్టా మీద శుభ్రంగా తుడుచుకున్నాడు. నేను తలుపు తీసి పట్టుకుని, అతన్ని ముందు పోనిచ్చాను. నడవ చివర ఆకుపచ్చ తలుపు బార్లా తెరిచి ఉంది. అందులోంచి ఫ్రావ్ గెహైమ్‌రాట్ ఇటే వస్తోంది. ఆవిణ్ణి చూసి ఎగాన్ ఈల ఆగిపోయింది. చటుక్కున వెనక్కి తిరిగాడు.

నేను అప్పటికే గుమ్మం తలుపు మూసి గడియ పెట్టేశాను.